ఓఫా పాలన: పెన్నీ, మట్టికట్ట, వారసుడు

757లో ఇంగ్లండ్‌లోని సెకింగ్టన్ అనే చోట మెర్షియా రాజు ఈథెల్‌బాల్డ్‌ను ఓ రాత్రి అతని అంగరక్షకులే చంపేశారు. నలభై ఒక్క ఏళ్లు ఏలినవాడు, హంబర్ నదికి దక్షిణాన ఉన్న ఆంగ్లో-సాక్సన్ రాజ్యాల మీద పెత్తనం చేసినవాడు. శవాన్ని రెప్టన్‌కు తీసుకెళ్లి సమాధి చేశారు. గద్దె మీద బేర్న్‌రెడ్ అనే అతను కూర్చున్నాడు గానీ, ఏడాది తిరక్కుండానే థింగ్‌ఫ్రిత్ కొడుకు ఓఫా అతణ్ణి తరిమేశాడు. ఏడో శతాబ్దంలో మెర్షియాను నిలబెట్టిన పెండా రాజుకు ఎయోవా అనే సోదరుడుండేవాడు. ఈథెల్‌బాల్డ్, ఓఫా ఇద్దరూ ఆ ఎయోవా సంతతే, కాకపోతే వేర్వేరు కొమ్మలు. కిరీటం తండ్రి నుంచి కొడుక్కి వెళ్లాలన్న నియమం అక్కడ లేదు. పాత రాజుల రక్తం కాస్తయినా ఉండి, వెనక బలగం ఉన్నవాడే రాజు. ఓఫా తాను ఆ దారిలోనే వచ్చాడు. 39 ఏళ్లు పాలించి, 796 జూలై 29న చనిపోయేలోపు ఆ దారిని తన కొడుకు తర్వాత ఎవరూ తొక్కకుండా మూసేయాలని చూశాడు. ఆయన పెట్టుకున్న పనుల్లో చాలావరకు కుదిరాయి, ఇదొక్కటి మాత్రం బెడిసికొట్టింది. కుదిరినవాటికీ కుదరనిదానికీ ఉన్న సంబంధమే ఆయన పాలనలో అసలు చూడాల్సిన విషయం.

మెర్షియా అంటే ట్రెంట్ నది చుట్టూ ఉన్న ఇంగ్లండ్ మధ్యభాగం. టామ్‌వర్త్‌లో రాజనివాసం, దగ్గర్లోనే లిచ్‌ఫీల్డ్‌లో బిషప్ పీఠం, రెప్టన్‌లో రాజుల సమాధులు. ఏ రాజ్యం ఎంత కట్టాలో చెప్పే 'ట్రైబల్ హైడేజ్' అనే పాత పట్టికలో మెర్షియా మూలప్రాంతానికి 30,000 హైడ్లు, ఈస్ట్ ఆంగ్లియాకు 30,000, కెంట్‌కు 15,000, ససెక్స్‌కు 7,000 అని ఉంది. హైడ్ అంటే ఒక కుటుంబం బతకడానికి సరిపోయే భూమి. పన్నూ సైనిక సేవా దాని మీదే లెక్కగట్టేవారు. మనుషులూ పంటా దండిగా ఉన్న రాజ్యమే. లోటల్లా సముద్రం. సరుకు, వెండి, చర్చి వార్తలు అన్నీ ఇంగ్లిష్ ఛానల్ దాటి లండన్, కెంట్ రేవుల గుండా రావాల్సిందే. ఓఫా విధానంలో సగం ఈ ఒక్క భౌగోళిక వాస్తవం నుంచే పుట్టింది.

ఈయన గురించి చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మెర్షియా తన చరిత్రను తాను రాసుకున్న గ్రంథం ఏదీ మిగల్లేదు. ఆంగ్లో-సాక్సన్ క్రానికల్‌ను ఓఫా పోయిన వందేళ్లకు, ఆల్‌ఫ్రెడ్ రాజు కాలంలో, ప్రత్యర్థి వెసెక్స్‌లో కూర్చారు. వెల్ష్ వార్షికాలు ఆయన్ను దోపిడీదారుగానే చూస్తాయి. ఆల్క్విన్ అనే ఆంగ్లో-సాక్సన్ పండితుడి లేఖలు ఇంగ్లిష్ ఛానల్ అవతలి ఫ్రాంకుల రాజ్యం నుంచి రాసినవి. కాబట్టి కథనాల కంటే దానపత్రాలు, నాణేలు, వేల్స్ సరిహద్దున ఆయన పేరుతో ఉన్న మట్టికట్ట నమ్మదగిన సాక్షులు. అవి కూడా ఒక్కోసారి మోసం చేస్తాయి. ఓఫాను 'ఆంగ్లుల రాజు' అని పిలిచే దానపత్రాలను ఇరవయ్యో శతాబ్దం మధ్యలో చరిత్రకారులు అసలైనవనే అనుకున్నారు. తర్వాత పరిశీలిస్తే వాటిలో ఎక్కువ భాగం పదో శతాబ్దంలో రాసుకున్న నకిలీలని తేలింది. ఆయన నాణేల మీద ఉండేది 'ఓఫా రెక్స్', లేదంటే 'మెర్షియన్ల రాజు' అని. ఇంగ్లండ్ మొత్తాన్ని ఏకం చేయాలన్న కల ఆయనకు అంటగట్టడం తర్వాతివాళ్ల పని.

రాజులను ఉద్యోగులుగా మార్చడం

పాత పద్ధతిలో పెద్దరాజు కింద చిన్నరాజులుండేవారు. ఓడిన రాజు కప్పం కట్టి, యుద్ధానికి మనుషుల్ని పంపి, తన ఊళ్లో తాను రాజుగానే ఉండేవాడు. పెద్దరాజు చనిపోగానే ఈ కట్టుబాటు గాలికి పోయేది. ఓఫా ఈ చిన్నరాజుల హోదానే కరిగించుకుంటూ వచ్చాడు. సెవర్న్ లోయలోని హ్విక్కె ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ. మొదట అక్కడ ఈన్‌బర్ట్, ఉహ్‌ట్రెడ్, ఆల్డ్రెడ్ అనే ముగ్గురు అన్నదమ్ములు ఉపరాజులుగా దానపత్రాల మీద కనిపిస్తారు. 770ల చివరికి ఒక పత్రంలో ఆల్డ్రెడ్‌ను 'ఉపరాజు, తన హ్విక్కె ప్రజలకు డ్యూక్స్' అని ఓఫా పేర్కొంటాడు. డ్యూక్స్ అంటే రాజు నియమించే అధికారి. తర్వాతి తరంలో 'రాజు' అన్న మాటే ఆ ప్రాంతంలో వినపడదు. ససెక్స్‌లోనూ ఇదే జరిగింది. 771లో హేస్టింగ్స్ జనాన్ని లొంగదీసుకున్నాక, నిన్నటిదాకా రాజులుగా సంతకం పెట్టినవాళ్లు ఓఫా పత్రాల కింద డ్యూక్స్ పేరుతో సాక్షులయ్యారు.

కెంట్ మాత్రం కొరకరాని కొయ్య అయింది. ఆర్చ్‌బిషప్ పీఠం ఉన్న కాంటర్‌బరీ అక్కడే, ఫ్రాంకులతో వ్యాపారమూ అక్కడే. 764లో ఓఫా కాంటర్‌బరీలో కూర్చుని రోచెస్టర్ బిషప్‌కు తన పేరుతోనే భూమి రాసిచ్చాడు, కెంట్ రాజు పక్కన సాక్షిగా నిలబడ్డాడు. 776లో ఓట్‌ఫర్డ్ దగ్గర మెర్షియన్లూ కెంట్‌వాళ్లూ తలపడ్డారు. ఎవరు గెలిచారో క్రానికల్ చెప్పదు. కానీ ఆ తర్వాత కొన్నేళ్లు కెంట్ రాజు రెండో ఎగ్‌బర్ట్ ఓఫా ప్రస్తావనే లేకుండా భూములు దానం చేశాడు. గెలిచిందెవరో దాన్నిబట్టి ఊహించొచ్చు. 785 నాటికి ఓఫా తిరిగొచ్చి, ఈసారి మధ్యలో రాజన్నవాణ్ణే లేకుండా చేశాడు.

అప్పుడు జరిగిన ఒక చిన్న వ్యవహారం ఆయన ఆలోచనా తీరును స్పష్టంగా చూపిస్తుంది. ఎగ్‌బర్ట్ తన సేవకుడొకడికి భూమి ఇచ్చాడు, ఆ సేవకుడు దాన్ని కాంటర్‌బరీ చర్చికి రాసిచ్చాడు. ఓఫా ఆ భూమిని లాగేసుకుని తన మనుషులకు పంచాడు. ఆయన చెప్పిన కారణం 799 నాటి పత్రంలో నమోదైంది: ప్రభువు ఇచ్చిన భూమిని, ఆ ప్రభువు సాక్ష్యం లేకుండా, తన కింద మనిషి వేరొకరి చేతుల్లో పెట్టడం చెల్లదట. ఎగ్‌బర్ట్ తన దృష్టిలో రాజు. ఓఫా దృష్టిలో తన కింద ఉద్యోగి. ఉద్యోగికి భూమి దానం చేసే హక్కెక్కడిది? కత్తికంటే ఈ వాదనే ప్రమాదకరమైంది, ఎందుకంటే ఇది గతాన్ని కూడా రద్దు చేస్తుంది. కెంట్ పెద్ద కుటుంబాలూ చర్చీ ఆయన్ను చివరిదాకా క్షమించకపోవడానికి ఇలాంటి నిర్ణయాలే మూలం.

వెసెక్స్‌తో పద్ధతి వేరు. 779లో బెన్సింగ్టన్ దగ్గర కినెవుల్ఫ్ రాజును ఓడించి, థేమ్స్ మీది ఆ పట్టణాన్ని ఓఫా తీసుకున్నాడు. రాజ్యాన్ని మింగడానికి మాత్రం పోలేదు. 786లో కినెవుల్ఫ్ హత్య తర్వాత గద్దెక్కిన బేర్ట్రిక్‌కు 789లో తన కూతురు ఈడ్‌బుర్‌ను ఇచ్చి పెళ్లి చేశాడు. మామా అల్లుడూ కలిసి ఆ గద్దెకు పోటీదారైన ఎగ్‌బర్ట్ అనే మరో యువరాజును ఫ్రాంకుల దేశానికి తరిమేశారు. కెంట్‌లో కొన్నాళ్లు రాజుగా కనిపించిన ఎయల్‌మండ్ కొడుకే ఈ ఎగ్‌బర్ట్. ఇతని పేరు గుర్తుంచుకోవాలి. 792లో రెండో కూతురు ఎల్ఫ్‌ఫ్లెడ్‌కు నార్తంబ్రియా రాజు ఈథెల్‌రెడ్‌తో కాటరిక్‌లో పెళ్లయింది.

1.3 గ్రాముల వెండి

ఓఫా చేసిన పనుల్లో అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచింది నాణెం. ఆయన గద్దెక్కేనాటికి దక్షిణ ఇంగ్లండ్‌లో చెలామణిలో ఉన్నది సియాటా అనే చిన్న, దళసరి వెండి బిళ్ల. అడ్డకొలత 11 నుంచి 13 మిల్లీమీటర్లు. దాని మీద పక్షులూ పాములూ పిచ్చిగీతలూ ఉండేవి, ఎవరు కొట్టించారన్న పేరుండేది కాదు. పేరు లేనిచోట జవాబుదారీ ఉండదు. శతాబ్దం మధ్యకు వచ్చేసరికి రాగి కలిపీ కలిపీ వెండి శాతం పడిపోయింది, జనం నమ్మడం మానేశారు. ఛానల్ అవతల ఫ్రాంకుల రాజు పెపిన్ 755లో కొత్త నాణెం ప్రవేశపెట్టాడు: పలుచగా, వెడల్పుగా, రాజు పేరుతో. ఈస్ట్ ఆంగ్లియాలో బేయోనా అనే రాజు కూడా అటువంటి సంస్కరణే మొదలుపెట్టాడు. ఓఫా మొదటివాడు కాదు, కానీ దాన్ని పెద్దయెత్తున నడిపించినవాడు ఆయనే.

ఓఫా పెన్నీ అడ్డకొలత సుమారు 17 మిల్లీమీటర్లు, బరువు 1.2 నుంచి 1.3 గ్రాములు. ఒకవైపు రాజు పేరు, చాలావాటి మీద ఆయన తల బొమ్మ. రెండోవైపు మోనీయర్ పేరు, అంటే ఆ నాణెం కొట్టించి దాని నాణ్యతకు పూచీపడే మనిషి పేరు. ఎయోబా, బబ్బా, ఉడ్, ఇబ్బా, పెండ్రెడ్, ఈస్ట్ ఆంగ్లియాలో లుల్. ఇలా ఇరవైకి పైగా పేర్లు దొరికాయి. కాంటర్‌బరీ, లండన్, ఈస్ట్ ఆంగ్లియాల్లో టంకశాలలు నడిచాయి. రెండు పేర్లు ఒకే బిళ్ల మీద పెట్టడంలోనే వ్యవస్థ కిటుకంతా ఉంది. వెండి తగ్గితే ఎవర్ని పట్టుకోవాలో నాణెమే చెబుతుంది.

తయారీ వినడానికి సులువే, చేయడం కష్టం. వెండిని శుద్ధిచేసి, రేకుగా సాగగొట్టి, గుండ్రటి బిళ్లలుగా కత్తిరిస్తారు. అడుగు అచ్చును మొద్దులో దిగ్గొట్టి, దాని మీద బిళ్ల పెట్టి, పై అచ్చును చేత్తో పట్టుకుని సుత్తితో కొడతారు. సాగగొట్టేటప్పుడు వెండి గట్టిపడుతుంది. మధ్యమధ్య కాల్చి మెత్తబరచకపోతే అచ్చు దెబ్బకు బిళ్ల అంచు చిట్లుతుంది. దళసరి సియాటాకు ఈ బెడద తక్కువ, పలుచటి పెన్నీకి ఎక్కువ. దెబ్బ పడేటప్పుడు అచ్చు కదిలితే బొమ్మ రెండుసార్లు పడుతుంది. సుత్తి దెబ్బ నేరుగా తినే పై అచ్చు తొందరగా అరుగుతుంది, కొత్తది చెక్కాలి. అచ్చులు చేత్తో చెక్కినవే కాబట్టి ఒకదానికొకటి సరిపోలవు. ఒకే అచ్చు నుంచి వచ్చిన నాణేలను జతపరచి చూసే, ఏ మోనీయర్ ఏ టంకశాలలో పనిచేశాడో పరిశోధకులు లెక్క తేల్చారు.

పనితనంలో ఈ నాణేలకు ఆంగ్లో-సాక్సన్ కాలంలో సాటి లేదంటే అతిశయోక్తి కాదు. ఓఫా తల మీది ఉంగరాల జుట్టును కూడా వేర్వేరు పద్ధతుల్లో చెక్కారు. రాణి కినెత్రిత్ పేరుతో, ఆమె బొమ్మతో కూడా నాణేలున్నాయి. కాంటర్‌బరీలో ఎయోబా కొట్టించినవి. ఏ ఇతర ఆంగ్లో-సాక్సన్ రాణి పేరుతోనూ నాణెం దొరకలేదు. నమూనా పాత రోమన్ సామ్రాజ్ఞుల నాణేలు కావచ్చు. ఉద్దేశం మాత్రం తేటతెల్లం: ఈమె నా ధర్మపత్ని, ఈమెకు పుట్టినవాడే వారసుడు.

792 లేదా 793లో ప్రమాణం మారింది. నాణెం కాస్త వెడల్పైంది, బరువు 1.45 గ్రాముల దాకా పెరిగింది, తల బొమ్మ పోయి అక్షరాలే మిగిలాయి. ఈ తేదీని పట్టుకున్న తీరు ముచ్చటగా ఉంటుంది. కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌లు కూడా ఓఫా పేరు ఒకవైపు పెట్టి నాణేలు కొట్టించేవారు. 792 ఆగస్టులో చనిపోయిన యాన్‌బర్ట్ నాణేలు తేలిక రకం, ఆయన తర్వాత వచ్చిన ఈథెల్‌హర్డ్‌వి బరువు రకం. కొద్దికాలానికే, 794 ప్రాంతంలో, పెపిన్ కొడుకు, ఫ్రాంకుల రాజు షార్లమేన్ తన వెండి నాణెం దినారియస్‌ను 1.7 గ్రాములకు పెంచాడు. ఓఫా అంతవరకు పోలేదు.

బ్రిటిష్ మ్యూజియంలో ఒక బంగారు నాణెం ఉంది. అబ్బాసీ ఖలీఫా అల్-మన్సూర్ హిజ్రీ 157లో, అంటే క్రీ.శ. 773-74లో కొట్టించిన దీనారుకు నకలు, బరువు 4.28 గ్రాములు. అరబిక్ కలిమాను భాష తెలియని చెయ్యి తడబడుతూ చెక్కింది. ఆ వరసల మధ్యలో, తలకిందులుగా, 'ఓఫా రెక్స్' అని ఉంది. దీన్ని చూపించి ఓఫా ఇస్లాం పుచ్చుకున్నాడని ఇంటర్నెట్‌లో చెప్పేవాళ్లకు కొదవ లేదు. పోప్‌కు ఏటా కానుకలు పంపిన రాజు మీద ఆ మాట నిలవదు. మధ్యధరా వ్యాపారంలో అందరూ కళ్లు మూసుకుని తీసుకునే బంగారం దీనారే కాబట్టి, విలువ చెల్లాలంటే ఆ రూపమే ఉండాలి. అంతకుమించి మతలబు లేదు.

తవ్విన మట్టి ఎంత

ఆల్‌ఫ్రెడ్ జీవితచరిత్ర రాసిన ఆసర్ 893లో ఒక వాక్యం రాశాడు: చుట్టుపక్కల రాజులందర్నీ హడలెత్తించిన ఓఫా అనే రాజు, వేల్స్‌కూ మెర్షియాకూ మధ్య సముద్రం నుంచి సముద్రం దాకా పెద్ద కట్ట కట్టించాడని. ఆ కట్టకు ఓఫా పేరు ముడిపడటానికి ప్రధాన ఆధారం ఆ వాక్యమే. 1925 నుంచి సర్ సిరిల్ ఫాక్స్ దాన్ని అడుగడుగునా కొలిచాడు. తర్వాత డేవిడ్ హిల్, మార్గరెట్ వర్తింగ్టన్ దశాబ్దాల పాటు తవ్వకాలు జరిపి, తెగకుండా సాగేది ట్రూథిన్ నుంచి కింగ్టన్ దగ్గరి రషాక్ కొండ దాకా, సుమారు 103 కిలోమీటర్లేనని తేల్చారు. 1971లో మొదలైన 285 కిలోమీటర్ల కాలినడక దారికి ఈ కట్ట పేరే పెట్టారు గానీ, ఆ దారిలో చాలా దూరం కట్ట కనిపించదు. ఉత్తరాన సముద్రం వైపు సమాంతరంగా సాగేది వాట్స్ డైక్ అనే వేరే కట్ట, దాదాపు 64 కిలోమీటర్లు. 'సముద్రం నుంచి సముద్రం దాకా' అన్నది ఆసర్ కాస్త ఉదారంగా రాసిన మాట.

నిర్మాణం ఇలా ఉంటుంది: పడమర వైపు, అంటే వేల్స్ వైపు, రెండు మీటర్ల లోతు కందకం. తవ్విన మట్టిని తూర్పు వైపు పోసి కట్ట. రెండూ కలిపి 20 మీటర్ల దాకా వెడల్పు. పడమటి వాలు కనబడేలా కొండ భుజాల మీదుగా గీత తీశారు. వేల్స్ లోయల్లోకి చూపు పారాలన్నది ఉద్దేశం. వదులు మట్టిని ఊరికే పోస్తే ఒకట్రెండు వానాకాలాల్లోనే జారి కందకంలో పడుతుంది, కందకం పూడుతుంది, కట్ట పొట్టిదవుతుంది. అందుకే కొన్నిచోట్ల గడ్డితో సహా కోసిన మట్టి పెళ్లలను ముందువైపు గోడలా పేర్చారు. దిశ ఉన్నట్టుండి కాస్త మారే చోట్లను చూస్తే, వేర్వేరు ముఠాలు తమ వాటా తవ్వుకుంటూ వచ్చి ఇక్కడ కలిశారని అర్థమవుతుంది.

ఎంతమంది పని ఇది? కందకం పైన 7 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు, అడుగున మొన తేలి ఉందనుకుందాం. మీటరు పొడవుకు 7 ఘనపు మీటర్ల మట్టి. 103 కిలోమీటర్లకు సుమారు 7.2 లక్షల ఘనపు మీటర్లు. అంచున ఇనుము తొడిగిన కొయ్యపారతో ఒక మనిషి రోజుకు రెండున్నర ఘనపు మీటర్లు తవ్విపోస్తే, 2.9 లక్షల పనిదినాలు. అంటే 5,000 మంది రెండు నెలలు. చెట్లు కొట్టడం, గడ్డిపెళ్లలు కోయడం దీనికి అదనం. మనిషికి రోజుకు కిలో ధాన్యం లెక్కన తిండికే 300 టన్నులు. ఉజ్జాయింపు లెక్కే అయినా ఒక సంగతి బయటపడుతుంది. తవ్వడం ఆ కాలపు రాజ్యానికి తలకు మించిన పనేమీ కాదు. అసలు చిక్కు పొలం పనులు లేని నెలల్లో జనాన్ని పిలిపించడం, హైడ్ల లెక్కన వంతులు వేయడం, తిండి చేరవేయడం. ఆ యంత్రాంగం మెర్షియాలో అప్పటికే ఉంది. 749లో గమ్లీ సభలో ఈథెల్‌బాల్డ్ చర్చిలకు పన్ను మినహాయింపులిస్తూ, వంతెన పని, కోట పని మాత్రం తప్పవని చెప్పాడు. 792లో ఓఫా కెంట్ చర్చిలకు హక్కులు ఖాయం చేస్తూ, ఓడల్లో వచ్చే అన్యమతస్తుల మీదికి సైన్యసేవ, వంతెనలు, కోటలు మినహాయింపులో చేరవని రాయించాడు. లిండిస్‌ఫార్న్ మీద వైకింగుల దాడి ఆ మరుసటి ఏడాది జరిగింది.

ఈ కట్ట దేనికి? దాని వెంట కోటలు గానీ కాపలా స్థావరాలు గానీ తవ్వకాల్లో బయటపడలేదు. 103 కిలోమీటర్ల పొడవునా సైనికుల్ని నిలబెట్టడం ఏ మెర్షియా రాజు వల్లా అయ్యే పని కాదు. వెల్ష్ వార్షికాలు 760లో హెర్‌ఫర్డ్ దగ్గర యుద్ధాన్ని, 778లోనూ 784లోనూ ఓఫా చేసిన విధ్వంసాన్ని చెబుతాయి. లాంగాలన్ దగ్గరి ఎలిసెగ్ స్తంభం మీద, వేల్స్‌లోని పోవిస్ రాజు ఎలిసెగ్ ఇంగ్లిష్‌వాళ్ల చేతిలోంచి తన దేశాన్ని నిప్పుతో కత్తితో తిరిగి గెలిచాడని ఆయన మునిమనవడు చెక్కించాడు. దెబ్బ రెండువైపులా పడిందన్నమాట. సరిహద్దు దాడుల్లో దొంగలకు దక్కేది పశువులు. రెండు మీటర్ల కందకం ఒంటరి మనిషిని ఆపదు, తోలుకుపోతున్న మందను మాత్రం ఆపుతుంది, లేదా తరుముకొచ్చేవాళ్లు అందుకునేంత ఆలస్యం చేస్తుంది. రోజువారీ ప్రయోజనం ఇదే అయ్యుండాలి. చర్క్ దగ్గర కట్ట కింది మట్టిపెళ్లల కార్బన్ పరీక్షలో ఐదో శతాబ్దం నుంచి ఏడో శతాబ్దం మధ్య తేదీలొచ్చాయని, ఇది ఓఫాది కానే కాదని కొందరు ఎగిరి గంతేశారు. పరీక్ష చెప్పేది ఆ గడ్డి పెరిగిన కాలం. కట్ట అంతకంటే తర్వాతిదని మాత్రమే దాని అర్థం. పాత కట్టల్ని కలుపుకుని ఓఫా పెద్దది చేసి ఉండటానికి అవకాశం మిగిలే ఉంది.

కొడుక్కి కిరీటం

786లో పోప్ మొదటి హేడ్రియన్ దూతలు, ఓస్టియా బిషప్ జార్జ్, టోడి బిషప్ థియోఫిలాక్ట్, ఇంగ్లండ్ వచ్చారు. ఆంగ్లో-సాక్సన్లకు క్రైస్తవం తెచ్చిన అగస్టీన్ బృందం తర్వాత రోమ్ నుంచి వచ్చిన మొదటి అధికార బృందం ఇదే. వాళ్లు చేయించిన తీర్మానాల్లో ఒకటి ఓఫాకు అచ్చంగా సరిపోయింది: సక్రమ వివాహంలో పుట్టినవాడినే రాజుగా ఎన్నుకోవాలి, దేవుడు అభిషేకించినవాడి మీద ఎవరూ చెయ్యెత్తరాదు. అంగరక్షకుల చేతిలో రాజు చచ్చిపోయిన దేశంలో ఆ రెండో వాక్యం విలువ ఓఫాకు వేరే చెప్పాలా? ఐదేళ్ల ముందు, 781లో, షార్లమేన్ తన ఇద్దరు కొడుకులకు పోప్ చేత అభిషేకం చేయించాడు. ఓఫా అదే దారి పట్టాడు.

అభిషేకం చేయాల్సింది కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ యాన్‌బర్ట్. ఆయన కెంట్ మనిషి, ఓఫా తన భూములు లాగేసుకున్న చర్చికి పెద్ద. ఓఫా చేసిన పరిష్కారం మొరటుదే అయినా పద్ధతి ప్రకారం సాగింది. 787లో చెల్సీలో జరిగిన సభను క్రానికల్ 'తగవులమారి సభ' అంటుంది. అక్కడ కాంటర్‌బరీ పరిధిని చీల్చి, లిచ్‌ఫీల్డ్‌ను ఆర్చ్‌బిషప్ పీఠంగా చేశారు. హిగేబర్ట్ దానికి అధిపతి అయ్యాడు. ఓఫా కొడుకు ఎజ్‌ఫ్రిత్‌కు రాజాభిషేకం జరిగింది. ఇంగ్లండ్‌లో రాజును అభిషేకించినట్టు రాతపూర్వకంగా దొరికే మొదటి సందర్భం ఇది. రోమ్‌కు ఓఫా చెప్పిన కారణం తన రాజ్యం చాలా పెద్దదైందని. ఏటా 365 మంకస్‌లు, రోజుకొకటి చొప్పున, పేదలకూ చర్చి దీపాలకూ పంపుతానని మొక్కుకున్నాడు. మంకస్‌కు 30 పెన్నీలు. ఏడాదికి 10,950 పెన్నీలు, పాత ప్రమాణంలో పద్నాలుగు కిలోల పైచిలుకు వెండి. ఓఫా, ఎజ్‌ఫ్రిత్‌ల తర్వాత గద్దెక్కిన కేన్‌వుల్ఫే పోప్‌కు రాశాడు, ఇదంతా యాన్‌బర్ట్ మీదా కెంట్ జనం మీదా ఉన్న పగతో చేసిన పనని.

కొడుకును షార్లమేన్ ఇంటికి అల్లుడిగా పంపాలన్న ప్రయత్నం మాత్రం మొదట్లోనే చెడింది. 790 ప్రాంతంలో షార్లమేన్ తన కొడుకు చార్లెస్‌కు ఓఫా కూతుర్ని అడిగాడు. అలాగైతే మీ అమ్మాయి బెర్తాను మా ఎజ్‌ఫ్రిత్‌కు ఇవ్వండని ఓఫా మెలిక పెట్టాడు. సమానులం అన్న మాట అది, షార్లమేన్‌కు మింగుడుపడలేదు. ఇంగ్లిష్ వ్యాపారులకు రేవులు మూసేశాడు. క్వెంటోవిక్ రేవులో సుంకాలు వసూలు చేసే జెర్వాల్డ్ అనే మఠాధిపతి మధ్యవర్తిత్వంతో గొడవ సర్దుకుంది. 796లో షార్లమేన్ రాసిన లేఖ మిగిలింది. 'ప్రియ సోదరా' అని మొదలుపెట్టి నేరుగా లెక్కల్లోకి దిగుతుంది: యాత్రికులకు సుంకం లేదు, కానీ యాత్రికుల వేషంలో సరుకు దాటించే వ్యాపారులు దొరికితే కట్టాల్సిందే. మీరడిగిన నల్లరాళ్లు ఎంత పొడవుండాలో మనిషిని పంపి చెప్పించండి. మీ దేశం నుంచి వచ్చే దుప్పట్లు మునుపటి కొలతల్లోనే రావాలి. కానుకలుగా ఒక నడికట్టు, అవార్ల దగ్గర కొల్లగొట్టిన కత్తి, రెండు పట్టువస్త్రాలు. ఇద్దరు రాజుల ఉత్తరంలో దుప్పటి పొడవు గురించి ఫిర్యాదు ఉండటమే ఆ వ్యాపారం ఎంత పెద్దదో చెబుతుంది.

ఇక అభిషేకంతో పాటు నడిచిన రెండో పని రక్తంతో చేసింది. ఎజ్‌ఫ్రిత్‌కు పోటీ రాగల బంధువులను ఓఫా ఒక్కొక్కర్నీ అడ్డు తొలగించుకున్నాడు. 794లో ఈస్ట్ ఆంగ్లియా రాజు ఈథెల్‌బర్ట్ తల నరికించాడు. రోములస్, రీమస్‌లకు పాలిచ్చే తోడేలు బొమ్మతో సొంత నాణేలు కొట్టించిన రాజు అతను. ఆ ధిక్కారం కూడా ఒక కారణమై ఉండొచ్చు. జనం అతణ్ణి సాధువుగా కొలిచారు, హెర్‌ఫర్డ్ కెథెడ్రల్ మేరీమాతతో పాటు అతని పేరు మీద ఉంది.

ఓఫా చనిపోయిన 141 రోజులకు, 796 డిసెంబరులో, ఎజ్‌ఫ్రిత్ కూడా చనిపోయాడు. వేరే వారసుడు లేడు. ఆ మరుసటి ఏడాది ఆల్క్విన్ ఒక మెర్షియా ప్రముఖుడికి రాస్తూ మొహమాటపడలేదు: ఆ యువకుడు తన పాపాలకు పోలేదు, కొడుక్కి రాజ్యం పదిలం చేయడానికి తండ్రి ఎంత రక్తం పారించాడో మీకు తెలుసు, అది రాజ్యాన్ని బలపరచడం కాదు, కూల్చడం. మతబోధకుడి భాషను పక్కనబెట్టినా లెక్క సరైనదే. పాత పద్ధతిలో ఒక కొమ్మ ఎండితే పక్కకొమ్మ ఉండేది. ఓఫా పక్కకొమ్మలన్నీ నరికి మొత్తం బరువు ఒక్క ప్రాణం మీద వేశాడు. గద్దె చివరికి దక్కింది పెండా మరో సోదరుడి వంశమని చెప్పుకున్న కేన్‌వుల్ఫ్‌కు.

ఈలోపు కెంట్ తిరగబడింది. ఫ్రాంకుల దగ్గర తలదాచుకున్న ఎయాడ్‌బర్ట్ ప్రెన్ వచ్చి రాజయ్యాడు, సొంత పేరుతో పెన్నీలు కొట్టించాడు. ఓఫా పెట్టిన మోనీయర్లే వాటిని కొట్టారు! 798లో కేన్‌వుల్ఫ్ అతణ్ణి పట్టుకుని కళ్లు పీకించి, చేతులు నరికించాడు. ఈస్ట్ ఆంగ్లియా కూడా కొన్నాళ్లు చెయ్యిజారింది. రాణి కినెత్రిత్ కుకమ్ మఠానికి పెద్ద అయి, 798లో కాంటర్‌బరీతో భూముల తగవు పరిష్కరించుకుంది. 803లో లిచ్‌ఫీల్డ్ ఆర్చ్‌బిషప్ పీఠాన్ని రద్దు చేశారు. అది బతికింది పదహారేళ్లు.

కేన్‌వుల్ఫ్ 821 దాకా గట్టిగానే నెట్టుకొచ్చాడు. ఆయన పోయాక మెర్షియాలో వేర్వేరు వంశాలు గద్దె కోసం కొట్టుకున్నాయి. అప్పటికి ఓఫా, బేర్ట్రిక్ తరిమేసిన ఎగ్‌బర్ట్ వెసెక్స్‌కు తిరిగొచ్చి, బేర్ట్రిక్ మరణంతో 802 నుంచి రాజుగా ఉన్నాడు. బేర్ట్రిక్‌ను భార్య ఈడ్‌బుర్ పొరపాటున విషంతో చంపిందని, చివరికి పావియాలో అడుక్కుంటూ పోయిందని ఆసర్ రాశాడు. అయితే ఆసర్ ఆ కథ విన్నది ఎగ్‌బర్ట్ మనవడు ఆల్‌ఫ్రెడ్ నోట, కాబట్టి ఓఫా కూతురి మీద ఆ కొలువులో మంచిమాట ఆశించలేం. 825లో ఎలెండన్ దగ్గర ఎగ్‌బర్ట్ మెర్షియా సైన్యాన్ని ఓడించాడు, కెంట్, ససెక్స్ వెంటనే అతని వైపు తిరిగాయి. 829లో మెర్షియానే పట్టుకున్నాడు. లండన్ టంకశాలలో పెన్నీలు కొట్టించాడు, వాటి మీద తన పేరు పక్కన 'మెర్షియన్ల రాజు' అని చెక్కించాడు. మరుసటి ఏడాది విగ్లాఫ్ అనే మెర్షియా రాజు ఆ గద్దెను వెనక్కి తీసుకున్నాడు. కెంట్ మాత్రం మళ్లీ మెర్షియా చేతికి రాలేదు.